గడ్డం బ్రష్షుకు ఒక పిడి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో "విశ్రాంత జీవితం – నా వ్యాపకం" అనే అంశం కింద చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన ఇద్దరిలో ఒకరు యోగాభ్యాసం గురించి, మరొకరు కాశీయాత్ర గురించి చక్కగా సెలవిచ్చారు. నేను చెప్పబోయేది అంత గొప్ప సంగతి కాదు. గడ్డం గీసుకునే బ్రష్షుకు కర్రతో పిడి చేయడం. మూడంగుళాల వస్తువు. దాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడతానంటే కార్యదర్శి గారు నన్ను ఎగాదిగా చూశారు. పదిహేను నిమిషాల్లో ముగిస్తానని హామీ ఇచ్చి మైకు పట్టుకున్నాను.

ముందుగా ఒక మాట. నేను వడ్రంగిని కాను. ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు తిప్పి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన వాణ్ణి. చేతిపని విషయంలో నా సర్వీసు పుస్తకంలో మంచి మాట ఏమీ లేదు. సరికదా, 1988లో మా సూపరింటెండెంటు గారు నాకు ఒక మెమో ఇచ్చారు. రిజిస్టరులో నా చేతిరాత చదవడానికి వీలుగా లేదని, గీతలు వంకరగా ఉన్నాయని, మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని దాని సారాంశం. సంజాయిషీ రాశాను. అదీ చదవడానికి వీలుగా లేదని తిప్పి పంపారు. సభలో నవ్వుతున్న వాళ్లలో సగం మంది ఆయన కింద పనిచేసిన వాళ్లేనని నాకు తెలుసు.

ఆయన ఎలా ఉండేవారో వారికి చెప్పక్కర్లేదు. కొత్తవారి కోసం చెబుతాను. పదిన్నరకు ఆఫీసయితే పదీ ఇరవైకి కుర్చీలో ఉండేవారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఆదివారం కూడా గడ్డం మాసిన ముఖంతో ఆయన్ని చూసినవారు లేరు. ఆ మెమో తరువాత నేను ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయన 1998లో రిటైరైనప్పుడు సన్మాన సభకు వెళ్లి, దండ వేయకుండా వచ్చేశాను. అంత పంతం.

2017లో ఆయనకు పక్షవాతం వచ్చిందని తెలిసింది. మా ఆవిడ "ఏమండీ, ఎంతైనా పెద్దాయన, ఒకసారి చూసి రండి" అని నాలుగుసార్లు అంటే వెళ్లాను. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొంచెం ముద్దగా వస్తోంది గాని తెలివి పూర్తిగా ఉంది. నన్ను చూడగానే ముఖం గోడవైపు తిప్పుకున్నారు. నా మీద కోపం ఇంకా పోలేదేమో అనుకున్నాను. బయటికి వచ్చాక కోడలు పిల్ల అసలు సంగతి చెప్పింది. "మీ మీద కోపం కాదు బాబాయిగారూ. గడ్డం మాసి ఉందని. ఎవరు వచ్చినా అంతే. వారానికి ఒకసారి సెలూను నుంచి మనిషిని పిలిపిస్తున్నాం. నేను చేస్తానంటే ఒప్పుకోరు. ఎడమ చేత్తో తనే చేసుకుంటానని రోజూ మొదలుపెడతారు. బ్రష్షు చేతిలోంచి జారి కింద పడుతుంది. అది పడినప్పుడల్లా మధ్యాహ్నం అన్నం సరిగా తినరు."

ఆ బ్రష్షు చూశాను. బజారులో దొరికే మామూలు ప్లాస్టిక్ పిడి బ్రష్షు. నడుము సన్నం. సబ్బు నీళ్లు తగిలితే చేపలా జారుతుంది. బాగున్న చేతికి అది తెలియదు. పట్టు సగం పోయిన చేతికి, అందులోనూ అలవాటు లేని ఎడమ చేతికి, అదే పెద్ద గండం.

ఇంటికి వచ్చి మా నాన్నగారి బ్రష్షు గుర్తు చేసుకున్నాను. మా చిన్నతనంలో మా ఇంటి వసారాలో స్తంభానికి అద్దం తగిలించి, సత్తు గిన్నెలో వేడినీళ్లు పెట్టుకుని ఆయన గడ్డం గీసుకుంటుంటే మేం పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. నురగ పిల్లల ముక్కు మీద పెట్టడం ఆయనకు సరదా. ఆ బ్రష్షుకు కర్ర పిడి. లావుగా, పొట్టిగా, గుత్తి వంకాయలా ఉండేది. కర్ర అయితే తడిలో కూడా చేతికి కాస్త పట్టు ఇస్తుంది. అలాంటిది ఒకటి సంపాదించి ఇస్తే సరిపోతుందని అనుకున్నాను.

మాది అనకాపల్లి. ఏటికొప్పాక మాకు ఎంతో దూరం కాదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మల సంగతి మీ అందరికీ తెలిసిందే. 2017లోనే వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అంకుడు కర్రను తరిమెన మీద, అంటే లేతు మీద, తిప్పుతూ ఉలి ఆనించి నున్నగా తీస్తారు. అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క పుల్లను అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. చూస్తూ ఉంటే పూట గడిచిపోతుంది.

అక్కడ ఒక పెద్దాయనకు నా కోరిక చెప్పాను. ఆయన సూటిగా అన్నాడు: "బాబూ, ఇది కుంకుమ భరిణెకు, బొమ్మకు బాగుంటాది. రోజూ వేడినీళ్లు, సబ్బు అంటే లక్క నిలబడదు." నేను వినలేదు. పసుపు, ఎరుపు చారలతో ముచ్చటైన పిడి చేయించుకుని, పాత బ్రష్షు కుచ్చు అందులో అతికించి పట్టుకెళ్లాను. మూడు వారాల్లో ఆయన చెప్పినట్టే అయింది. రంగు వెలిసి, తెల్లటి మచ్చలు వచ్చి, వేలికి జిగురుగా తగలసాగింది. లక్క వేడికి మెత్తబడుతుంది. సబ్బులో ఉన్నది క్షారం. బోరాక్స్ కలిపిన నీళ్లలో లక్క కరుగుతుందని వార్నిషు పనివాళ్లకు ఎవరికైనా తెలుసు. తప్పు నాది.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. అది సూపరింటెండెంటు గారే చూపించారు. పిడి నా చేతికి తిరిగి ఇచ్చి, ముద్ద మాటతో, "గుండ్రం" అన్నారు. అంతే. నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. తరిమెన మీద తీసిన వస్తువు ఏ వైపు తిప్పినా ఒకటే. గుండ్రంగా, నున్నగా ఉన్నది బలహీనమైన చేతిలో తనంతట తానే తిరిగిపోతుంది. బొటనవేలు ఆనడానికి ఒక పల్లం, చిటికెన వేలు ఆగడానికి ఒక గట్టు ఉండాలి. అలాంటిది తరిమెన మీద రాదు. చేత్తోనే చెక్కాలి.

ఇక చెక్కడం సంగతి. ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చేసి చూడదలచిన వారికి నా తప్పులు పనికొస్తాయి.

కర్ర కోసం వెతకక్కర్లేకపోయింది. మా నాన్నగారి నవారు మంచం కోడు ఒకటి అటక మీద ఉంది. టేకు. అరవై ఏళ్లు ఎండినది. పచ్చి కర్రతో ఈ పని చేస్తే ఎండుతున్న కొద్దీ బీటలు వారుతుంది. అంగుళం మందానికి ఏడాది ఎండాలని ఒక లెక్క చెబుతారు. మంచం కోడుకు ఆ బెంగ లేదు. దాన్ని కోయడానికి మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు. మా అత్తగారు పడుకున్న మంచం అంది. ఏ పనికో చెప్పాక రంపం తానే తెచ్చి ఇచ్చింది.

నాలుగంగుళాల ముక్క కోశాను. కర్రలో నార నిలువుగా ఉండేలా చూసుకోవాలి. కర్ర తడికి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు ఉబ్బదు. మానుకు నట్టనడుమ ఉండే బెండు భాగం కలవకూడదు, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. తెల్లగా ఉన్న పై భాగం వదిలేసి చేవ మాత్రమే తీసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, కుచ్చు కూర్చునే గుంటను ముందుగా తొలచాలి. ముక్క ఇంకా చదరంగా ఉన్నప్పుడే. పిడి ఆకారం చెక్కేసిన తరువాత తొలిస్తే దాన్ని నిలబెట్టే దారి ఉండదు, గుంట వంకర పోతుంది. నా రెండో పిడి అలాగే పాడైంది. కుచ్చు పక్కకు ఒరిగి, మెడ పట్టేసిన మనిషిలా ఉండేది. పాత ప్లాస్టిక్ పిడిని రంపంతో కోసి, కత్తితో ఒలిచి, కుచ్చును విడదీశాను. అడుగున గట్టి జిగురు బిళ్ల ఉంటుంది. కొలిస్తే 21 మిల్లీమీటర్లు. 22 మిల్లీమీటర్ల బరమాతో 12 మిల్లీమీటర్ల లోతు తొలిచాను. ఆ మిల్లీమీటరు సందు జిగురుకు.

లోతులో కూడా ఒక మర్మం ఉంది. కుచ్చు పైకి ఉంటే వెంట్రుకలు మెత్తగా వాలిపోతాయి. లోపలికి దిగితే బిరుసుగా ఉంటాయి. జిగురు వేయకముందే గుంటలో రూపాయి బిళ్ల వేసి ఒకసారి, తీసి ఒకసారి ముఖం మీద ఆడించి చూడాలి. సూపరింటెండెంటు గారికి బిళ్ల లేకుండా లోతుగానే నచ్చింది. చెయ్యి గట్టిగా అదమలేదు గనుక బ్రష్షే కాస్త గట్టిగా ఉండాలి.

వెంట్రుకల మాట వచ్చింది గనుక చిన్న పక్కదారి. ఈ బ్రష్షులకు బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలు, పంది వెంట్రుకలు, గుర్రపు వెంట్రుకలు వాడేవారు, ఇప్పటికీ వాడుతున్నారు. 1914-18 నాటి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సరుకు రవాణా దెబ్బతిని, సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో చౌక బ్రష్షులు చేశారు. వాటి వల్ల ఇంగ్లండులో, అమెరికాలో కొందరికి ఆంత్రాక్స్ సోకింది. మన పల్లెల్లో పశువులకు వచ్చే దొమ్మ రోగం అదే. విషవాయువు ముసుగు ముఖానికి అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదని సైనికులను గీసుకోమంటే, ఆ బ్రష్షు వల్లే కొందరి ప్రాణం మీదికి వచ్చింది. ఇప్పుడు కృత్రిమ నారతో చేసిన కుచ్చులు విడిగా కూడా అమ్ముతున్నారు. నేను అవే వాడతాను. త్వరగా ఆరతాయి.

ఇక ఆకారం. "గుండ్రం" అన్న మాట నా చెవిలో తిరుగుతూనే ఉంది. ఒక రోజు మా ఆవిడ చపాతీ పిండి కలుపుతుంటే తట్టింది. ఒక ముద్ద తీసుకుని, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. "సార్, గడ్డం గీసుకునేటప్పుడు ఎలా పడతారో అలా దీన్ని ఎడమ చేత్తో పట్టుకోండి" అన్నాను. అనుమానంగా చూశారు. పట్టుకున్నారు. ఐదు వేళ్లూ ఆయన శక్తి కొద్దీ పిండిలో దిగాయి. బొటనవేలి గుర్తు లోతుగా, చూపుడు వేలిది సగం, చివరి రెండు వేళ్లవీ తగిలీ తగలనట్టు. ఎక్కడ బలం ఉందో, ఎక్కడ లేదో ఆ ముద్ద మొత్తం రాసి ఇచ్చింది. జాగ్రత్తగా ఇంటికి తెచ్చి ఎండబెట్టాను. ఎండి అక్కడక్కడ పగిలింది గాని ఆకారం నిలిచింది. చీమలు పట్టకుండా డబ్బాలో దాచాను.

ఆ ముద్దను ఎదురుగా పెట్టుకుని చెక్కాను. వడ్రంగులు కర్రను కాలి వేళ్ల మధ్య ఇరికించుకుని చెక్కుతారు. నా మోకాళ్లు దానికి ఒప్పుకోలేదు. సి క్లాంపు ఒకటి కొని, పాత తువ్వాలు మడత వేసి, భోజనాల బల్ల అంచుకు ముక్కను బిగించాను. మూలలు రంపంతో తీసేసి, ఎనిమిది పలకలు చేసి, ఉలితో పలుచగా పొరలు లేపాను. ఉలి ఎప్పుడూ చెయ్యికి దూరంగా పోవాలి. ఇది తెలిసి కూడా ఒకసారి నా వైపు లాగాను, మూడు కుట్లు పడ్డాయి. పెద్ద గడ్డుపని అయ్యాక ఆకురాయి అందుకోవాలి. వయసు మీద పడిన చేతులకు ఉలి కంటే ఆకురాయి నయం. నెమ్మదిగా తింటుంది, తప్పు చేసినా కొంచెమే పోతుంది. టేకులో ఇసుక లాంటి పదార్థం ఉంటుంది, పదును తొందరగా పోతుంది. నూరుకుంటూ ఉండాలి.

మామూలు పిడి నడుము ముప్పై మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇది నలభై అయిదు పెట్టాను. ఎత్తు మూడంగుళాలకు తక్కువ. అడుగు వెడల్పు, కింద పెడితే పడిపోకుండా. బొటనవేలికి పల్లం, చిటికెన వేలి కింద చిన్న గట్టు. బయటివాళ్లు చూస్తే అల్లం కొమ్ములా ఉందంటారు. అనే అన్నారు.

ఆ తరువాత ఉప్పు కాగితం. ముందు 80, తరువాత 120, చివర 220. అయ్యాక తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే కర్ర మీద నూగు లేస్తుంది. ఆరాక మళ్లీ రుద్దాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రేపు నీళ్లు తగిలినా గరుకు లేవదు. మరీ నున్నన చేయకండి. నున్నదనం మనకు శత్రువు.

లక్క వద్దనుకున్నాం గనుక అవిసె నూనె పట్టించాను. పలుచగా రాసి, పావుగంట ఆగి, పైన మిగిలింది తుడిచేయాలి. పూతకూ పూతకూ మధ్య కనీసం ఒక రోజు, చలికాలమైతే రెండు. అయిదు పూతలు. ఇక్కడ ఒక హెచ్చరిక. నూనె తుడిచిన గుడ్డను ఉండలా చుట్టి మూలకు పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి పోయే దారి లేక గుడ్డ తానే అంటుకోవచ్చు. నేను పడేసిన గుడ్డ మీద చెయ్యి పెట్టి "ఇదేంటండీ, కాలుతోంది" అన్నది మా ఆవిడే. అప్పటి నుంచి దండెం మీద విప్పి ఆరేస్తున్నాను.

కుచ్చు అతకడానికి అరల్డైటు. టేకులో సహజంగా జిడ్డు ఉంటుంది, దాని మీద జిగురు సరిగా పట్టదు. అందుకని అతికించే ముందు గుంటను థిన్నరుతో తుడిచాను. గుంట గోడలంతా జిగురు పూస్తే నీళ్లు కర్రలోకి దిగవు. ఒక రోజంతా కదపకుండా వదిలేశాను.

రేజరు విషయం కూడా చెప్పాలి. పక్షవాతం తరువాత చాలామందికి రక్తం పలచబడే మందులు ఇస్తారు, చిన్న గాటు పడినా రక్తం ఆగదు. ఆయన అబ్బాయి డాక్టరు గారిని అడిగే ముందుకు వెళ్లాడు. పాత రకం బ్లేడు వద్దు, కార్ట్రిడ్జ్ రేజరైతే సరే, పక్కన ఒకరుండాలి అన్నారాయన. రేజరు పిడికి కూడా సైకిలు హ్యాండిలు రబ్బరు తొడిగి లావు చేశాం.

2018 ఫిబ్రవరిలో మూడో పిడి పట్టుకెళ్లాను. లక్కది ఒకటి, వంకర గుంటది రెండు, ఇది మూడు. కుర్చీలో కూర్చోబెట్టి, ముందు అద్దం పెట్టి, కోడలు పిల్ల వేడినీళ్లు తెచ్చింది. ఆయన బ్రష్షు తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే వాటి చోట పెట్టుకున్నారు. ముంచారు. సబ్బు మీద తిప్పారు. నురగ వచ్చింది. కుడి బుగ్గ, ఎడమ బుగ్గ, గడ్డం కింద. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. బ్రష్షు పడలేదు. గీసుకోవడానికి నలభై నిమిషాలు పట్టింది. చెవి పక్కన కొంచెం వదిలేశారు, ఎవరమూ చెప్పలేదు.

ముఖం తుడుచుకుని, బ్రష్షు చేతిలో అటూ ఇటూ తిప్పి, ఆఫీసులో ఫైలు చూసే చూపుతో చూశారు. "అడుగున... గీత... వంకర" అన్నారు. నిజమే. రంపం కోత సమంగా రాలేదు. నేను, "సంజాయిషీ మూడు రోజుల్లో సమర్పించుకుంటాను సార్" అన్నాను. ఆయన నవ్వారు. ఆయన నవ్వడం ముప్పై ఏళ్లలో నేను చూడలేదు. ఆ నవ్వు కూడా ఒక పక్కకే వచ్చింది. నేను కళ్లు తుడుచుకోవడానికి వరండాలోకి వెళ్లాను.

ఆ పైన రోజూ ఆయనే గీసుకున్నారు. ఎవరు చూడవచ్చినా ముఖం తిప్పుకోలేదు. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళితే, ముందు గడ్డం, తరువాతే ప్రయాణం. 2020లో కుచ్చు అరిగితే మార్చి ఇచ్చాను. వాడాక బాగా విదిలించి గాలి తగిలే చోట పెట్టమని చెప్పాను, డబ్బాలో మూసి పెడితే కుళ్లు వాసన వస్తుంది. 2022లో ఆయన పోయారు. దినకార్యాలయ్యాక అబ్బాయి ఆ బ్రష్షు నాకు ఇవ్వబోయాడు. పట్టుకుని చూశాను. నా ఎడమ చేతిలో ఇమడలేదు. కుడి చేతిలో అసలే ఇమడలేదు. ఆయన వేళ్ల చోట్లు వేరు. మీ దగ్గరే ఉంచుకో నాయనా అని తిరిగి ఇచ్చేశాను. ఎండిన పిండి ముద్ద మాత్రం నా దగ్గర ఉంది, డబ్బాలో.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ముగిస్తున్నాను. మంచం కోళ్లు నాలుగింటిలో ఇంకా మూడు మిగిలాయి. మన సభ్యుల్లో గాని, మీ ఇళ్లలో గాని, చెయ్యి వణుకుతున్నవారు, పట్టు తప్పినవారు ఉంటే మొహమాటపడకండి. నిమ్మకాయంత కాదు, కమలాపండంత చపాతీ పిండి ముద్దను గట్టిగా పట్టించి, నీడలో ఎండబెట్టి, కుడి చెయ్యో ఎడమ చెయ్యో కాగితం మీద రాసి అంటించి, మన సంఘం ఆఫీసులో ఇచ్చి వెళ్లండి. నెల రోజుల గడువు ఇవ్వండి. చేతిరాత మాత్రం కాస్త అర్థమయ్యేలా ఉండాలి.